గాలివాటం చూసి ఆడాలా? – గోల్ఫ్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఏడాదికి ఒక్క వారం ఎదురయ్యే గాలివాన కోసం ఆటతీరు మార్చుకోవడం అనవసరమని 2011లో ఉత్తర ఐర్లండ్ గోల్ఫర్ రోరీ మెకిల్‌రాయ్ అన్నారని చదివాను. అంతటి ఆటగాడి మాటలో నిజం ఉండే ఉంటుంది కదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆయన ఆ మాట అన్నది ఇంగ్లండ్‌లోని కెంట్ తీరంలో, రాయల్ సెయింట్ జార్జెస్ కోర్సులో ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్ అనే పెద్ద టోర్నీ) ముగిశాక. అంతకు నెల రోజుల ముందే యూఎస్ ఓపెన్‌ను 8 స్ట్రోకుల (బంతిని కొట్టే దెబ్బలు, ఎంత తక్కువైతే అంత మేలు) తేడాతో గెలిచారు. తీరా ఇక్కడ గాలీ వానా కలిసి ఆయన్ని వెనక్కి నెట్టేశాయి. ఆ ఓపెన్ గెలిచింది కూడా ఉత్తర ఐర్లండ్‌వాడే, డారెన్ క్లార్క్. పోర్ట్‌రష్ తీరపు గాలిలో ఆడి ఆరితేరిన మనిషి.

ఒక వారం కోసం స్వింగ్‌ను విప్పి మళ్లీ బిగించుకోవడం ప్రమాదమే. అంతవరకు మెకిల్‌రాయ్‌తో మాకు పేచీ లేదు. అయితే గాలికి తగ్గట్టు ఆడాలంటే స్వింగ్ మార్చనక్కర్లేదు. ఏ క్లబ్ (బంతిని కొట్టే కర్ర) తీయాలి, బంతిని ఎంత ఎత్తున పంపాలి, ఎక్కడ పార్‌తో (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్యతో) సరిపెట్టుకోవాలి అన్న నిర్ణయాలు మారితే చాలు. ఇవి ప్రొఫెషనల్ పనిలో భాగమే. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 2010 ఓపెన్ మొదటి రౌండ్‌లో ఆయన 63 కొట్టి, మర్నాడు గాలిలో 80కి వెళ్లారు. ఒక్క రాత్రిలో ఎవరి స్వింగూ అంత పాడవదు.

2002లో మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగిన ఓపెన్‌లో టైగర్ వుడ్స్‌కూ ఇదే జరిగింది. ఆ ఏడు మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచి వచ్చిన ఆయన శనివారం తుఫానులో 81 కొట్టారు. అదే రోజు ఎర్నీ ఎల్స్ 72తో బయటపడి, చివరికి ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమమైనవారి మధ్య అదనపు ఆటలో) కప్పు గెలుచుకున్నారు. సాయంత్రానికి వాతావరణం కాస్త తెరిపి ఇచ్చిన మాట నిజమే గానీ, 9 స్ట్రోకుల తేడాను అదొక్కటే వివరించలేదు.

ఇక మెకిల్‌రాయ్ సంగతి. 2014లో రాయల్ లివర్‌పూల్‌లో ఓపెన్ గెలిచారు. 2023 స్కాటిష్ ఓపెన్‌లో చివరి హోల్ దగ్గర, సుమారు 200 గజాల దూరాన్ని ఎదురుగాలిలో 2-ఐరన్ క్లబ్‌తో తక్కువ ఎత్తులో కొట్టి, బర్డీతో (పార్ కంటే ఒక దెబ్బ తక్కువతో) గెలిచారు. 2011 నాటి మాటకు ఆయన ఆటే జవాబు చెప్పింది.

ప్రశ్న: విశాఖలో సముద్రపు గాలికి ఎదురుగా ఆడేటప్పుడు ఒక క్లబ్ పెద్దది తీసుకుని గట్టిగా కొడుతున్నాను. అయినా బంతి గ్రీన్‌కు (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) చాలా ముందే పడిపోతోంది. కారణం ఏమిటి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తేడా ఆ ‘గట్టిగా’ కొట్టడంలోనే ఉంది. గట్టిగా కొడితే బంతికి బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరిగే సుడి) పెరుగుతుంది. ఎదురుగాలిలో ఆ స్పిన్ బంతిని ఇంకా పైకి లేపుతుంది, ముందుకు పోవాల్సిన వేగం అక్కడే ఖర్చయిపోతుంది. చివరికి బంతి దాదాపు నిట్టనిలువుగా కింద పడుతుంది.

ముందు లెక్క చూద్దాం. ఎదురుగాలి గంటకు 1 మైలు వేగానికి 1 శాతం చొప్పున దూరం కలపాలి, వెనుకగాలికి అర శాతం చొప్పున తగ్గించాలి. ఇది ఉజ్జాయింపు సూత్రమే అయినా బాగా పనికొస్తుంది. జెండా 150 గజాల్లో ఉండి 10 మైళ్ల ఎదురుగాలి వీస్తుంటే 165 గజాల దెబ్బ కావాలి. అదే గాలి వెనుక నుంచి వస్తే 142 గజాలు చాలు. ఎదురుగాలి తీసుకున్నంత వెనుకగాలి తిరిగి ఇవ్వదు. క్లబ్‌కూ క్లబ్‌కూ మధ్య తేడా 10 గజాలే అనుకుంటే మీకు ఒక క్లబ్ ఎలాగూ చాలదు.

కనీసం రెండు క్లబ్బులు పెద్దది తీయండి, అంటే 7-ఐరన్ బదులు 5-ఐరన్ (అంకె తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది). గ్రిప్‌ను ఓ అంగుళం కిందికి పట్టుకోండి. పాదాలు మామూలు కంటే కొంచెం ఎడంగా ఉంచండి. కుడిచేతి ఆటగాడైతే బరువు కాస్త ఎడమ కాలి మీదికి రావాలి. బంతిని ఎప్పుడూ ఉంచేచోటు కంటే ఒక బంతి వెడల్పు వెనక్కి పెట్టండి. ముప్పావు స్వింగ్ చేసి, చేతులు ఛాతీ ఎత్తుకు రాగానే ముగించండి. వేగం తగ్గుతుంది కాబట్టి స్పిన్ కూడా తగ్గుతుంది.

ఎక్కువమంది పొరబడేది బంతిని మరీ వెనక్కి, కుడి పాదం దగ్గరికి నెట్టేయడంలో. అప్పుడు క్లబ్ నిటారుగా దిగి నేలను తవ్వుతుంది, దూరం మీద అదుపు పోతుంది. చిన్న స్వింగ్ మధ్యలో చేతులు ఆపేసేవారూ ఉంటారు. స్వింగ్ చిన్నదైనా సరే, లయ చెడకూడదు.

ప్రశ్న: వానలో క్లబ్ చేతిలోంచి జారిపోతోంది. గొడుగు పట్టుకుని పుట్ (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం) చేయవచ్చా? చలిలో బంతిని వేడి చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తోలు గ్లవ్ తడిస్తే జారుతుంది. వానకోసం చేసిన సింథటిక్ గ్లవ్‌లు తడిసేకొద్దీ పట్టు పెంచుతాయి, రెండు చేతులకూ వేసుకోండి. ఒక తువ్వాలును గొడుగు లోపలి ఊచలకు వేలాడదీస్తే పొడిగా ఉంటుంది. దాన్ని గ్రిప్‌లకే వాడండి, బంతికీ క్లబ్ ఫేస్‌కూ (బంతిని తాకే ముఖానికి) వేరే తువ్వాలు. ఫేస్ మీద నీళ్లుంటే వెడ్జ్ (దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే క్లబ్) దెబ్బకు స్పిన్ బాగా తగ్గి, బంతి అనుకున్న దానికంటే ఎత్తుగా లేస్తుంది. తడి ఇసుక గట్టిపడిన బంకర్‌లో బౌన్స్ (క్లబ్ అడుగున ఉండే ఉబ్బు) తక్కువున్న వెడ్జ్ మేలు. బౌన్స్ ఎక్కువైతే క్లబ్ ఎగిరి బంతి నడుముకు తగులుతుంది.

మీ గొడుగు మీరే పట్టుకుని పుట్ చేయవచ్చు. క్యాడీ (క్లబ్బులు మోసే సహాయకుడు) మీకు గొడుగు పట్టి నిలబడి ఉండగా స్ట్రోక్ చేస్తే మాత్రం పెనాల్టీ. కావాలని వేడిచేసిన బంతితో ఆడటం కూడా నిబంధనలకు విరుద్ధం. చలిలో వెచ్చగా ఉంచుకోవాల్సింది చేతులనే. దూరం తగ్గితే క్లబ్ మార్చుకోండి.

ప్రశ్న: పొద్దున ఆడినవాళ్లకు ఎండ, మధ్యాహ్నం ఆడినవాళ్లకు తుఫాను వస్తే అది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పూర్తి న్యాయం కాదు. మొదటి రెండు రోజుల్లో ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం ఆడించి సర్దుబాటు చేస్తారు, అయినా అదృష్టం మిగిలే ఉంటుంది. ఆరుబయట ఆడే ఆటలో అంతమాత్రం ఒప్పుకోవాలనే మేం అంటాం. నిర్వాహకులూ వాతావరణాన్ని బట్టి మారుతున్నారు. 2014 ఓపెన్ శనివారం తుఫాను సూచన ఉండటంతో, ఆ టోర్నీ చరిత్రలో మొదటిసారి రెండు టీల (హోల్‌ను మొదలుపెట్టే చోట్ల) నుంచి ఆట మొదలుపెట్టించారు. 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో గ్రీన్ మీద బంతి నిలవక 10 గంటలకు పైగా ఆట ఆగింది, టోర్నీ సోమవారం ముగిసింది.

ఇక్కడ ఒక నిబంధన గుర్తుంచుకోండి. గ్రీన్ మీద మీరు గుర్తుపెట్టి, ఎత్తి, తిరిగి పెట్టిన బంతిని గాలి కదిలిస్తే పాత చోటే పెట్టాలి. ఎత్తకముందే కదిలితే కొత్త చోటు నుంచే ఆడాలి. రెంటికీ పెనాల్టీ లేదు.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలైతే మొదలుపెట్టిన హోల్ పూర్తిచేయవచ్చా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఒకే పొడుగాటి సైరన్ మోగితే అక్కడికక్కడే ఆపేయాలి. అర గజం పుట్ మిగిలినా కొట్టకూడదు, సరైన కారణం లేకుండా కొడితే పోటీ నుంచి తొలగిస్తారు. మూడు వరుస సైరన్లు మామూలు విరామానికి, అప్పుడైతే మొదలుపెట్టిన హోల్ పూర్తిచేయవచ్చు. రెండు చిన్న సైరన్లు మోగితే ఆట మళ్లీ మొదలైనట్టు. సైరన్ మోగకపోయినా పిడుగు ప్రమాదం ఉందని మీకు సబబుగా అనిపిస్తే ఆపేసే హక్కు నిబంధనలే ఇస్తున్నాయి, వెంటనే కమిటీకి చెప్పాలి. ఒంటరి చెట్టు కిందా గొడుగు కిందా నిలబడకండి. క్లబ్బులు అక్కడే వదిలేసి పక్కా భవనంలోకి వెళ్లండి.