గోడ మీద సుత్తి పడే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఒహాయోలో మీరు చూసిన ఇంటికి ఆఫర్ ఒప్పుకున్నారని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను ఇండియా నుంచి బయలుదేరేటప్పుడల్లా నా సూట్‌కేసు మీద ఎక్కి కూర్చుని, దిగనంటే దిగనని మారాం చేసిన పిల్లవి. ఇవాళ నీ పేరు మీద ఇల్లు కొంటున్నావు. మీ తాతయ్య ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు.

సంతోషం అయ్యాక భయం మొదలైంది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్సెల్ షీటు మూడుసార్లు చూశాను. ఇల్లు 3 లక్షల 10 వేల డాలర్లు. రిపేర్లకి 60 వేలు. అందులోనే వంటగది, రెండు బాత్రూములు, కింద ఫ్లోరింగు, వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేయడం. అన్నీ కూడితే సరిగ్గా 60 వేలు వచ్చింది. ఒక్క డాలరు మిగల్లేదు. ఈ లెక్క ఎక్కడిదే అని పొద్దున్నే మెసేజ్ పెడితే, "టీవీలో ఇంతకంటే పాత ఇంటిని 55 వేలలో చేసేశారు పెద్దమ్మా" అని రాశావు. డబ్బు మిగల్చడానికి గోడ మీరిద్దరే పగలగొట్టుకుంటామని కూడా రాశావు.

ఆ చివరి మాట చదివాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. 2004లో అచ్చంగా ఇదే మాట నేనూ అన్నాను.

ముందు టీవీ సంగతి చెబుతాను. తెర మీద పడే ఆ అంకెలో ఏం కలిపారో, ఏం వదిలేశారో మనకెవరూ చెప్పరు. డిజైన్ చేసిన వాళ్ళ ఫీజు అందులో ఉందా? టీవీలో కనిపిస్తుందని సామాన్లు తగ్గించి ఇచ్చిన కంపెనీలు ఎన్ని? చివర్లో కళ్ళు చెదిరేలా సర్దిన సోఫాలు, దీపాలు ఆ ఇంటివాళ్ళకి మిగిలాయా, మర్నాడు లారీ ఎక్కి వెళ్ళిపోయాయా? ఇల్లు కొనేవాళ్ళని చూపించే 'హౌస్ హంటర్స్' అనే టీవీ షో 1999 నుంచి వస్తోంది. మూడు ఇళ్ళు చూసి, తర్జనభర్జన పడి ఒకటి ఎంచుకుంటారు కదా. అందులో పాల్గొన్న ఒకావిడే 2012లో బయటపెట్టింది. షూటింగ్ నాటికే వాళ్ళు ఇల్లు కొనేశారట. మిగతా ఇళ్ళు వాళ్ళ స్నేహితులవట, అసలు అమ్మకానికే లేవట. ఇల్లు ఎంచుకోవడమే అలా తీసినప్పుడు, కింద వేసే అంకెని చూసి మన బ్యాంకు ఖాతా ఎలా ఖాళీ చేస్తాం తల్లీ?

మా రోజుల్లో ఆదివారం రాత్రుళ్ళు 'ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్' వచ్చేది. 7 రోజుల్లో ఇల్లు లేపేవాళ్ళు. బిల్డర్లు ఊరికే పని చేసేవాళ్ళు, కంపెనీలు సామాను దానంగా ఇచ్చేవి, వాలంటీర్లు గుంపులు గుంపులుగా రాత్రీ పగలూ పని చేసేవాళ్ళు. ఇదంతా దాచకుండా కళ్ళ ముందే చూపించేవాళ్ళు. అయినా మీ పెదనాన్నకీ నాకూ బుర్రలో మిగిలింది ఆ 7 రోజులే.

2004లోనే న్యూజెర్సీలో ఇల్లు కొన్నాం. 1956లో కట్టిన ఇల్లు. మీ అక్కకి అప్పటికి పద్దెనిమిది నెలలు. వంటగది ఇరుకు, చీకటి. నేను పొయ్యి దగ్గరుంటే పిల్ల హాల్లో ఏం చేస్తోందో కనపడేది కాదు. ఆ గోడ ఒక్కటి తీసేస్తే చాలు, జీవితం బాగుపడిపోతుందనుకున్నాను. మా దగ్గర 35 వేలు ఉన్నాయి. కాంట్రాక్టరు 38 వేల 500 అన్నాడు. మూడు రోజులు తర్జనభర్జన పడి, కూల్చడం మేమే చేసుకుంటామన్నాం. 3 వేలు తగ్గించాడు. మిగతా 500 లైట్లలో కోసుకున్నాం. బడ్జెట్ సరిపోయిందని ఆ రాత్రి పాయసం కూడా చేశాను.

శనివారం పొద్దున్న మీ పెదనాన్న రెండు సుత్తులు, కళ్ళద్దాలు కొనుక్కొచ్చారు. వంటగది గుమ్మానికి పాత దుప్పటి ఒకటి కట్టాం. దుమ్ము ఆగడానికి మేం చేసిన ఏర్పాటు మొత్తం అంతే. మధ్యాహ్నానికి గోడ సగం పోయింది. కిటికీ చెక్క కూడా పెచ్చులూడుతోందని నేనే కూర్చుని గరుకు కాగితంతో రుద్దాను. పైన తెలుపు, దాని కింద పిస్తా రంగు, ఇంకా కింద లేత పసుపు. ఒక్కో పొరా ఒక్కో తరం ఆడవాళ్ళు ఇష్టపడి వేయించుకున్న రంగు అనుకుంటూ రుద్దాను. ఆ పొడి నా చేతుల మీద, జుట్టులో, ఊపిరిలో. సాయంత్రం అదే బట్టలతో పిల్లనెత్తుకున్నాను.

మర్నాడు పొద్దున లేచేసరికి హాల్లో చెక్క నేలంతా సన్నటి తెల్ల పొడి. దుప్పటి ఏం ఆపుతుంది? ఆ పొడిలో మీ అక్క చిన్న చిన్న పాదాల ముద్రలు, పడకగది గుమ్మం నుంచి వంటగది దాకా. కృష్ణాష్టమికి పిండితో వేసే కృష్ణుడి పాదాల్లా ఉన్నాయని మురిసిపోయి ఫొటో తీశాను.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. మీ అమ్మకి కూడా చూపించలేదు.

రెండేళ్ళ చెకప్‌లో రక్తం తీశారు. వారం తర్వాత క్లినిక్ నుంచి ఫోన్. పిల్ల రక్తంలో సీసం డెసిలీటరుకి 14 మైక్రోగ్రాములు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఈమధ్య రిపేర్లు ఏమైనా చేశారా?" నాకు నోట మాట రాలేదు. పాత పెయింట్‌లో సీసం ఉంటుందని, అది గీకితే, రుద్దితే పొడి అవుతుందని, పాకే పిల్లలు ఆ పొడి అంటిన వేళ్ళు నోట్లో పెట్టుకుంటారని అప్పుడు తెలిసింది. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో దాని గురించి ఒక చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. సొరుగులో పెట్టాను. ఒక్క పేజీ తిప్పలేదు.

ఆ స్థాయికి మందు ఉండదన్నారు. పొడి లేకుండా చేయాలి, పిల్లకి ఐరన్, కాల్షియం బాగా పెట్టాలి, మూడు నెలలకోసారి రక్తం చూడాలి. రోజూ రాగి జావ కాచి, బతిమాలి, కథలు చెప్పి తాగించేదాన్ని. తడిగుడ్డతో నేల, కిటికీ గట్లు రోజుకి రెండుసార్లు తుడిచేదాన్ని. ప్రతిసారీ సూది గుచ్చేటప్పుడు అది నా మెడ పట్టుకుని ఏడ్చేది. 14 కాస్తా 11 అయింది, తర్వాత 8. ఐదు కిందకి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ రోజుల్లో సీడీసీ, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాళ్ళు 10 దాటితే ఆందోళన పడాలనేవాళ్ళు. 2012లో దాన్ని 5 చేశారు, 2021లో 3.5 చేశారు. పిల్లలకి ఇంత వరకు ఫర్వాలేదు అనే స్థాయే లేదని ఇప్పుడు చెబుతున్నారు. ఆ అంకె తగ్గించినట్టు వార్త వచ్చిన ప్రతిసారీ నా గుండె కలుక్కుమంది.

మీ అక్క బాగానే ఉంది. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. కానీ ఏడో తరగతిలో లెక్కల్లో వెనకబడిందని టీచరు పిలిచినప్పుడు, కారులో కూర్చుని ఏడ్చాను. అందరి పిల్లలూ ఎప్పుడో ఒకప్పుడు వెనకబడతారు. నాకు మాత్రం ఆ తెల్ల పొడే గుర్తొస్తుంది. అదంతా 3 వేల డాలర్ల కోసం.

డబ్బు కూడా మిగల్లేదు, చెప్పాలి కదా. మేం సగం కూల్చిన గోడ పైఅంతస్తు బరువు మోసే గోడ. పర్మిట్ అక్కర్లేదన్న కాంట్రాక్టరు మాట నమ్మాం. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు వచ్చి పని ఆపించాడు. ఇంజనీరు, కొత్త దూలం, గోడలోంచి పోతున్న పైబాత్రూము పైపులు మార్చడం, ఆ పైన ఇల్లు శుభ్రం చేయించడం, కిటికీలు మార్చడం. 35 వేలు కాస్తా 61 వేలయింది. అయిదు నెలలు బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ మీద రైస్ కుక్కర్ పెట్టి వండాను, గిన్నెలు బాత్‌టబ్‌లో తోమాను. అవి ఇప్పుడు తలుచుకుని నవ్వుకోగలను. ఆ ఫొటో చూసి మాత్రం నవ్వలేను.

ఇప్పుడు నీ సంగతి. మీ ఇల్లు 1948ది. ఈ దేశంలో ఇళ్ళకి లెడ్ పెయింట్, అంటే సీసం కలిపిన పెయింట్ నిషేధించింది 1978లో. అంటే మీ గోడల మీద అది ఉందనుకునే మొదలుపెట్టాలి, లేదని పరీక్షలో తేలేదాకా. పాత ఇల్లు కొనేవాళ్ళకి సీసం పరీక్ష చేయించుకోవడానికి చట్టం 10 రోజులు ఇస్తుంది. పోటీ ఎక్కువగా ఉందని మీ ఏజెంటు ఆ హక్కు వదులుకోమన్నాడేమో, వదులుకుని సంతకం పెట్టేశారేమో చూసి ఇవాళే నాకు చెప్పు. పెట్టేసినా సరే, మీ ఖర్చుతో మీరే చేయించండి.

2010 నుంచి ఇంకో రూలు ఉంది. 1978కి ముందు కట్టిన ఇంట్లో పెయింటు కదిలించే పని డబ్బు తీసుకుని చేసే కాంట్రాక్టరుకి ఈపీఏ, అంటే ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ సర్టిఫికెట్ ఉండాలి. ప్లాస్టిక్ షీట్లు కట్టాలి, తడిపి గీకాలి, ప్రత్యేకమైన వాక్యూమ్‌తో శుభ్రం చేయాలి. కానీ సొంత ఇంట్లో సొంతంగా కూల్చుకునే వాళ్ళకి ఆ రూలు వర్తించదు. అందుకే చెబుతున్నాను, మీరిద్దరూ శనివారం సుత్తి పట్టుకుంటే ఆపేవాళ్ళెవరూ ఉండరు.

టీవీలో సుత్తులతో గోడలు పగలగొట్టే రోజుని పండగలా చూపిస్తారు. పాత ఇళ్ళు బాగుచేసే షో, నువ్వు ఇష్టంగా చూసే 'ఫిక్సర్ అప్పర్' వాళ్ళ కంపెనీ సంగతి వినే ఉంటావు. ఈపీఏ వాళ్ళు ఆ షో వీడియోలే చూసి, లెడ్ జాగ్రత్తలు పాటించలేదని పట్టుకున్నారు. 2018లో 33 ఇళ్ళ విషయంలో 40 వేల డాలర్లు జరిమానా కట్టి, టెక్సస్‌లో వాళ్ళ ఊరు వేకోలో పాత ఇళ్ళలో సీసం తీయించడానికి ఇంకో లక్షా 60 వేలు ఖర్చుపెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత జాగ్రత్తల గురించి వాళ్ళే షోలో చెప్పారు, అది మంచి పని. ఆ ఖర్చు మాత్రం ఏ ఎపిసోడ్‌లోనూ, ఏ ఇంటి బడ్జెట్ అంకెలోనూ నాకు కనపడలేదు. నీ షీటులోనూ లేదు.

షీటులో లేనివి ఇంకా ఉన్నాయి. పర్మిట్లు, కూల్చిన చెత్త వేసే పెద్ద డబ్బా అద్దె, ఇంజనీరు, పని జరిగినన్నాళ్ళు మీరు ఉండే చోటు. ఇల్లు కొనడానికీ బాగుచేయడానికీ కలిపి ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్, అంటే ప్రభుత్వ గృహ సంస్థ హామీ ఉన్న లోన్ ఒకటి ఉంది, 203(కె) అని. 30 ఏళ్ళు దాటిన ఇంటికైతే పని ఖర్చులో కనీసం 10 శాతం, ఎక్కువైతే 20 శాతం విడిగా పక్కన పెట్టిస్తారు. గోడ తెరిస్తే ఏదో ఒకటి బయటపడుతుందని వాళ్ళ అనుభవం. మీరు ఆ లోన్ తీసుకోకపోయినా ఆ లెక్క తీసుకోండి. మీ 60లో 12 వేలు లేవనుకోండి. 48 వేలకి సరిపడే పని మాత్రం ఒప్పుకోండి. పైబాత్రూము ఈ ఏడాది వదిలేయ్. గులాబీ రంగు టైల్స్ అని బాధపడకు, నీళ్ళు వస్తున్నాయి కదా.

మూడు కొటేషన్లు తీసుకోవడం, లైసెన్సు, ఇన్సూరెన్సు చూడటం, పని అయినంతవరకే డబ్బివ్వడం, ఇవన్నీ నీకు తెలుసు.

ఆ గోడ తీసేయాలని ఎందుకంత పట్టుబడుతున్నావో నాకు అర్థమైంది, అమ్మలూ. వండుతూ చిన్నోణ్ణి చూసుకోవాలని. చిన్నప్పుడు లక్కపిడతలన్నీ వరసగా పేర్చి, ఎదురుగా బొమ్మని కూర్చోబెట్టుకుని వండేదానివి. వద్దనడం లేదు. ముందు ఇంజనీరుని పిలిచి ఆ గోడ ఏం మోస్తోందో చూపించు. తర్వాత సర్టిఫికెట్ ఉన్నవాళ్ళతో కూల్పించు. అల్లుడికి సుత్తి పట్టుకోవాలని సరదా అని విన్నాను. పెరట్లో షెడ్డు కొత్తదే అన్నావుగా, దాని మీద తీర్చుకోమను.

చిన్నోడికి పద్నాలుగు నెలలు. పని మొదలవ్వక ముందే వాళ్ళ డాక్టరుతో చెప్పి ఒకసారి రక్తం చూపించు, అయ్యాక మళ్ళీ చూపించు. కూల్చే తేదీ ఖాయమవగానే నాకు ఫోన్ చెయ్. మీ పెదనాన్నా నేనూ కారులో వచ్చి వాణ్ణి మా ఇంటికి తెచ్చుకుంటాం. నువ్వూ వచ్చి వాడి దగ్గర ఉండు. దుమ్మంతా తుడిచి, పరీక్ష చేయించి, బాగుందని కాగితం చేతికొచ్చాక తిరిగి వెళ్దురుగాని. మీ అక్క గది ఖాళీగానే ఉంది. తొట్టి నిన్ననే దింపి తుడిచాను.

ఉంటాను.
మీ పెద్దమ్మ