బజార్లో కార్లు ఆపితే బేరాలు పోతాయా?

ప్రశ్న: మా ఊరి మెయిన్ బజార్లోకి సాయంత్రం పూట కార్లు, బైకులు రానివ్వకూడదని మున్సిపాలిటీ అనుకుంటోందట. నాకు అక్కడ బట్టల కొట్టుంది. కొట్టు ముందు బండి ఆపుకోవడానికి లేకపోతే జనం హైవే మీద మాల్‌కి పోతారు గానీ మా దాకా నడిచొస్తారా అని వర్తక సంఘంలో అందరికీ టెన్షన్. మేం వ్యతిరేకించాలా?
– ఒక వ్యాపారి, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: వ్యతిరేకించకండి. కానీ ఉత్త బారికేడ్లు పెట్టి సరిపెడతామంటే మాత్రం ఒప్పుకోకండి. ముందు ఒక పని చేయండి. రేపు కొట్టు తెరవగానే వీధిలో ఏయే బళ్లు ఆగున్నాయో చూడండి, మధ్యాహ్నం ఓసారి, కొట్టు కట్టేసే ముందు ఓసారి మళ్లీ చూడండి. పొద్దున్నుంచీ కదలని బళ్లు ఎవరివో మీకే తెలుస్తుంది. చాలా బజార్లలో అవి కొట్లవాళ్లవీ, పనిచేసేవాళ్లవీనూ. బేరానికొచ్చినవాళ్లకి చోటు లేకుండా చేస్తున్నవి అవే.

స్పెయిన్‌లో పొంతెవెద్ర అని ఎనభై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరుంది, అంటే మన మధ్యరకం మున్సిపాలిటీ అంత. 1999లో మిగెల్ అన్‌షో ఫెర్నాందెస్ లోరెస్ మేయరయ్యాక పాత ఊళ్లో దాదాపు 3 లక్షల చదరపు మీటర్ల మేర వీధుల్ని నడిచేవాళ్లకే వదిలేశారు. ఊరి మధ్యలోంచి అడ్డంగా దాటిపోయే బళ్లూ, పార్కింగ్ దొరక్క చక్కర్లు కొట్టే బళ్లూ కలిసే ట్రాఫిక్ అంతా అవుతోందని గమనించి, వీధి పక్క పార్కింగ్ తీసేసి, ఊరి అంచుల్లో ఉచితంగా స్థలాలు చూపించారు. సరుకు దించే బళ్లు, ఇంటి గ్యారేజీకి వెళ్లే కార్లు ఇప్పటికీ లోపలికి వెళ్తాయి. మీకు బాగా పనికొచ్చే సంగతి ఇంకోటుంది: పెద్ద పెద్ద మాల్స్‌కి అక్కడ అనుమతి ఇవ్వలేదు. కొనుక్కునేవాళ్లు బజారుకే రావాలంటే వీధిని నడిచేవాళ్లకివ్వడం, మాల్స్‌ని ఆపడం, ఆ రెండూ జోడీగా జరగాలి. ఇరవై ఏళ్లు దాటినా ఆయనే మేయరుగా కొనసాగారు.

మన దగ్గర పెళ్లిబట్టలకి వెళ్లే చెన్నై టీ నగర్ పాండీ బజార్లో ఇంత దూరం పోలేదు. కార్లు తిరుగుతూనే ఉన్నాయి, 2019లో ఫుట్‌పాత్‌లు మాత్రం బాగా వెడల్పు చేశారు. అక్కడికెళ్లినప్పుడు పిల్లల్ని చెయ్యి వదిలి నడిపించే తల్లులు కనిపిస్తారు, ఓసారి చూసి రండి.

కమిషనర్ దగ్గరికి వెళ్లినప్పుడు నడిచొచ్చేంత దూరంలో పార్కింగ్ గ్రౌండ్, వీధి రెండు చివరలా ఆటో స్టాండు, పొద్దున పూట సరుకు దించుకునే టైము, అంబులెన్సుకి దారి ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. నీడ కూడా అడగండి, మన ఎండలకి అది లేకపోతే ఎంత మంచి వీధైనా ఖాళీగానే ఉంటుంది. తోపుడు బళ్లవాళ్లని మాత్రం వెళ్లగొట్టమనకండి. వాళ్లుంటేనే వీధికి జనం, పైగా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ల ప్రతినిధులున్న కమిటీతో మాట్లాడే ఏదైనా చేయాలి.

ప్రశ్న: మా వీధిలో కొత్త ఫుట్‌పాత్ అడుగున్నర ఎత్తుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తోంది. ఇంత ఎత్తు ఉండొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉండకూడదమ్మా. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఇచ్చిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదు. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు పోను నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. టేపుతో కొలిచి, ఫొటో జతచేసి, ఐఆర్‌సీ 103 అన్న నంబరు వేసి అర్జీ పెట్టండి.