చీజ్‌కేక్ అడుగు రాలిపోతుంటే

మారీ బిస్కెట్లతో వేసిన అడుగు కోస్తుంటే పొడిగా రాలిపోతోందని, మిగిలిన ముక్కలు మర్నాటికి మెత్తబడుతున్నాయని రాశారు కదండీ. మాది అమలాపురం. వానాకాలంలో నాకూ ఇదే టెన్షన్.

రాలడానికి కారణం వెన్న చాలకపోవడమే. మారీలో కొవ్వు తక్కువ కాబట్టి డైజెస్టివ్ బిస్కెట్ల కొలత దీనికి సరిపోదు. 200 గ్రాముల మారీ పొడికి 110 గ్రాముల కరిగించిన వెన్న కలపండి. పొడి బొంబాయి రవ్వంత సన్నగా ఉండాలి. గుప్పిట్లో నొక్కి చూడండి: సున్నుండలా నిలవాలి, వేళ్ల మధ్య నుంచి వెన్న కారకూడదు. ఇంటి నెయ్యి వేస్తే 90 గ్రాములు చాలు, అందులో నీళ్లుండవు. నాకైతే నెయ్యి రుచే ఇష్టం.

తర్వాత ఈ పొడిని కేక్ టిన్నులో పరిచి, చదునైన అడుగున్న స్టీలు గ్లాసుతో గట్టిగా అదమండి. అంచు మూల దగ్గర ఇంకాస్త ఎక్కువ, రాలడం అక్కడే మొదలవుతుంది.

మెత్తబడకుండా ఉండాలంటే 175 డిగ్రీల దగ్గర పది నిమిషాలు బేక్ చేసి, పూర్తిగా చల్లారాకే చీజ్ మిశ్రమం పోయండి. మన కోనసీమ గాలికి పూతరేకులే మెత్తబడిపోతాయి, అందుకని బిస్కెట్ ప్యాకెట్ అప్పటికప్పుడే విప్పండి.