వాయిదా అయ్యాక క్లయింట్‌కి ఎవరు చెప్తారు?

ప్రశ్న: సీనియర్ ఆఫీసు నుంచి బయటకొచ్చి సొంతంగా ప్రాక్టీస్ పెట్టాను. డ్రాఫ్టింగ్ (కోర్టులో వేసే కాగితాలు రాయడం) బాగానే చేస్తాను, కోర్టులో మాట్లాడటానికి భయం లేదు. కానీ కొత్త కేసులు రావట్లేదు, వచ్చినవాళ్లు కూడా మధ్యలో ఫైలు తీసుకుని ఇంకో లాయర్ దగ్గరికి వెళ్లిపోతున్నారు. సోషల్ మీడియాలో యాడ్స్ ఇవ్వొచ్చా?
– ఒక జూనియర్ అడ్వకేట్

జవాబు: ముందు యాడ్స్ సంగతి తేల్చేద్దామండి. ఇవ్వకూడదు. లాయర్ల వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 ప్రకారం ప్రకటనలు, సర్క్యులర్లు, బ్రోకర్లు ఏవీ కుదరవు, మీరు చేస్తున్న కేసుల గురించి పేపర్లో ఫోటో వేయించుకోవడం కూడా కుదరదు. అమెరికాలో 1977లో బేట్స్ కేసులో సుప్రీంకోర్టు లాయర్ల ప్రకటనలకి దారి తెరిచింది గానీ అది అక్కడి సంగతి. ఇక్కడ ఆ రూల్‌కి 2008లో వచ్చిన సవరణ తర్వాత వెబ్‌సైట్లో పేరు, అడ్రస్, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ (లాయర్‌గా నమోదు) వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారో పెట్టుకోవచ్చు, అంతవరకే. ఆన్‌లైన్ సైట్ల ద్వారా లాయర్లు పని వెతుక్కోవడం మీద 2024 జులైలో మద్రాస్ హైకోర్టు గట్టిగానే మాట్లాడింది కాబట్టి ఆ దారి వదిలేయండి.

అసలు విషయం మీ ప్రశ్నలో రెండో సగంలో ఉంది. ఉన్న క్లయింట్లు ఎందుకు వెళ్లిపోతున్నారు? కేసు ఓడిపోయారని కాదు కదా, కేసులింకా నడుస్తూనే ఉన్నాయి. నాకు తెలిసి చాలామంది వెళ్లేది ఏం జరుగుతోందో తెలీక. తేదీ అయితే కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాళ్లకే కనిపిస్తుంది, కానీ అది ఎందుకు వాయిదా పడిందో, దానివల్ల తమకి నష్టమా కాదా, అది చెప్పేది మీరొక్కరే, మీరు చెప్పకపోతే పక్కింటాయన చెప్తాడు, ఆయన చెప్పేది మీకు నచ్చదు.

అందుకే ప్రతి వాయిదా రోజు సాయంత్రంలోపు ఒక మెసేజ్ పెట్టండి. "ఈరోజు అవతలివాళ్లు కౌంటర్, అంటే వాళ్ల జవాబు, వెయ్యడానికి టైమ్ అడిగారు, కోర్టు ఇచ్చింది. మళ్లీ 14న ఉంది. ఆరోజు మీరు రానక్కర్లేదు. కౌంటర్ కాపీ అందగానే పిలుస్తాను, అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకురండి." ఇంతే. ఏమీ జరగని రోజు కూడా పెట్టాలి, ఆరోజే వాళ్లకి ఎక్కువ అనుమానం. ఎక్స్‌పార్టీ (అవతలివాళ్లు లేకుండా), ఇంటరిమ్ (తాత్కాలికం) లాంటి మాటలు వాడితే వెంటనే పక్కన మామూలు మాటల్లో చెప్పండి. "తప్పకుండా గెలుస్తాం" అని మాత్రం ఎప్పుడూ అనొద్దు, ఒక్కసారి అన్నా దాన్నే పట్టుకుని కూర్చుంటారు.

మొదటిసారి కలిసినప్పుడు వాళ్లని పూర్తిగా మాట్లాడనివ్వండి, మధ్యలో సెక్షన్లు చెప్పకండి, అయ్యాక మీకు అర్థమైంది మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా?" అని అడగండి. చాలాసార్లు అసలు పాయింట్ అప్పుడే బయటపడుతుంది. ఫీజు ఎంత, అందులో ఏమేం వస్తాయి, కాపీల ఖర్చు ఎవరిది, అన్నీ రాసివ్వండి. వాళ్ల విషయాలు కారిడార్లో, లాయర్ల గ్రూపుల్లో మాట్లాడొద్దు, ఆ రహస్యం కాపాడటం చట్టప్రకారం మన బాధ్యత. ఇలా చూసుకున్న క్లయింటే ఇంకొకర్ని పంపిస్తాడు, దానికి ఏ రూలూ అడ్డు రాదు.

ప్రశ్న: రోజంతా కోర్టులో, ఫోన్లలో పోతోంది, డ్రాఫ్టులు అర్ధరాత్రి రాస్తున్నాను. గడువులు మర్చిపోతానేమోనని భయంగా ఉంటోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: భయం నిజమైనదే, గడువు పోతే నష్టపోయేది క్లయింట్ కదా. రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి ప్రతివాది రాసిచ్చే జవాబు) సమన్లు అందిన 30 రోజుల్లో వెయ్యాలి, కమర్షియల్ సూట్‌లో (వ్యాపార వివాదాల దావాలో) అయితే 120 రోజులు దాటితే ఇక వేసే హక్కే ఉండదు. చెక్ బౌన్స్ నోటీసు బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో వెళ్లాలి. ఇలాంటివి ఫైలు తీసుకున్న రోజే డైరీలోనూ ఫోన్లోనూ రెండు చోట్లా రాయండి, చివరి తేదీతో పాటు దానికి పది రోజుల ముందు డ్రాఫ్ట్ పూర్తవ్వాల్సిన తేదీ కూడా రాయండి, మీరు పని చేయాల్సింది ఆ రెండో తేదీకి. కోర్టు హాల్లోంచి బయటికి రాగానే నిలబడే ఆర్డర్ నోట్ చేసుకోండి, సాయంత్రానికి మూడు కేసులు కలిసిపోతాయి. ఫోన్లకి ఒక గంట పెట్టి ఆ టైమ్ క్లయింట్లందరికీ ముందే చెప్పండి, అరెస్టు, స్టే లాంటి అర్జెంట్ అయితే ఎప్పుడైనా చెయ్యొచ్చని కూడా చెప్పండి. ఇక పొద్దున్నే కోర్టుకి ముందు ఒక గంట ఫోన్ పక్కన పెట్టి ఆరోజు అన్నిటికంటే కష్టమైన డ్రాఫ్ట్ తీయండి.