రక్తాక్షి ఉప్పెన రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నవల మొదటి అధ్యాయం చదివాను. బందరు తీరాన పల్లెకారుల గూడెం, వల బాగుచేసుకునే ముసలాయన, ఆయన్ని వదలని మనవరాలు... ఇద్దరూ నాకు కళ్లముందు కనిపించారు. అయితే 1864 నవంబరు 1 రాత్రి ఆ పిల్ల వెన్నెల్లో ఇసుక మీద పరుగెత్తిందని రాశావు. ఆ ఏడు అక్టోబరు 30న అమావాస్య. రెండు రోజులకే వెన్నెల ఎక్కణ్ణించి వస్తుందమ్మా? గాలివానలో, కటిక చీకట్లో సముద్రం ఊళ్ల మీద పడింది. దాదాపు ముప్పై వేల మంది పోయారు. వాళ్లలో చాలామందికి వచ్చేది నీళ్లని కూడా తెలిసి ఉండదు. ఇది తెలిశాక నువ్వా అధ్యాయం అలా ఉంచలేవు. ఉంచకూడదు కూడా.

అందుకే ఆర్కైవ్స్‌కి వెళ్లమంటున్నాను. వెళ్లేముందు ఒక్క ఊరు ఎంచుకో. బందరు ఉప్పెన గురించి ఏమున్నాయండీ అని అడిగితే అక్కడివాళ్లు మాత్రం ఏం తీసిస్తారు? ఫలానా ఊరు, ఫలానా ఏడు, శిస్తు కాగితాలు కావాలని అడుగు. అప్పుడు వాళ్ల చెయ్యి సరైన కట్ట మీదికి వెళుతుంది.

ఊరి పేరొక్కటే చాలదు, అప్పుడది ఏ జిల్లాలో ఉండేదో తెలియాలి. పాత మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు 1859లో పోయి కృష్ణా జిల్లా వచ్చింది. గుంటూరు మళ్లీ విడిగా జిల్లా అయింది 1904లో. కాబట్టి 1864లో రేపల్లె వైపు ఊరైనా నువ్వు వెతకాల్సింది కృష్ణా జిల్లా కాగితాల్లో. అదే ఊరు ఉప్పెనకు పదేళ్ల ముందు ఎలా ఉండేదో కావాలంటే మళ్లీ గుంటూరు జిల్లా కట్టలే తియ్యాలి. ఈ కాగితాలు కొన్ని చెన్నైలో, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, కొన్ని మన రాష్ట్రాల ఆర్కైవ్స్‌కి వచ్చాయి. ముందే ఉత్తరం రాసి కనుక్కుని బయల్దేరు.

తారీఖుల దగ్గర జాగ్రత్త. అక్కడ నీకు 1864 అని ప్రతిచోటా కనిపించదు. ఫసలీ 1274 అని ఉంటుంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడాది. మద్రాసు రాజధానిలో ఫసలీ జులై 1న మొదలయ్యేది, నైజాంలో అక్టోబరులో, ఆజూరు నెలతో. అటూ ఇటూ కాగితాలు కలిపి చదివేవాళ్లు ఇక్కడే తడబడతారు. ఇక ఊళ్లో పెద్దవాళ్లు రక్తాక్షి నాటి మాట అంటారు. రక్తాక్షి అనే తెలుగు సంవత్సరం 1864లో వచ్చింది, మళ్లీ 1924లోనూ వచ్చింది. ఎవరి తాత చెప్పిన రక్తాక్షో లెక్కకట్టకుండా నవల్లోకి తెచ్చుకోకు.

ఇప్పుడు అసలు విషయం. ఆ కట్టలు విప్పినప్పుడు నీకు మనుషులు దొరక్కపోవచ్చు. రెవెన్యూ కాగితం శిస్తు కోసం పుట్టింది. ఉప్పునీళ్లు నిలిచి ఏ పొలం పాడైంది, ఎన్ని ఎకరాలకు ఎంత మాఫీ ఇవ్వొచ్చు, పై అధికారి దానికి ఒప్పుకున్నాడా లేదా... వాళ్లు రాసుకునే సంగతులు ఇవి. ఉప్పు 1805 నుంచి సర్కారు గుత్తసొత్తు కాబట్టి కరిగిపోయిన ఉప్పుకు లెక్క ఉంటుంది. ఉప్పుమళ్లలో పనిచేసిన మనిషికి ఆ లెక్కలో చోటెందుకుంటుంది? నీ ముసలాయనకు పట్టా లేదు, శిస్తు లేదు. ఆయన పేరు ఏ రిజిస్టరూ ఎత్తదు. అలాగని ఆ కాగితం పక్కన పడెయ్యకు. పట్టాదారు చనిపోయాడు, వారసులు లేరు అన్న వరస ఒకే పేజీలో మళ్లీ మళ్లీ వస్తే అక్కడ ఆగు. ఆ పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లు ఎవరు, వాళ్ల గుడిసెలు పల్లంలో ఉండేవా మెరకనా అని అడుగు. కాగితం జవాబు చెప్పదు. ఆ జవాబు వెతకడానికే నువ్వు నవల రాస్తున్నావు.

ఉప్పెనకు ముందరి ఊరు కావాలంటే కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు రాసిన కాగితాలు చూడు. కుంఫిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న కవిలెల నుంచి, అంటే ఊరి లెక్కల పుస్తకాల నుంచి, చెరువులు, గుళ్లు, మాన్యాల సంగతులు రాయించుకొచ్చారు. కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి. వాటిలో తెలుగు చదువుతుంటే ఆనాటి మాట చెవిన పడుతుంది. నీ పాత్రలకు అది నేను నేర్పగలిగింది కాదు. అయితే చెప్పినవాడు కరణం. మాన్యం ఎవరికి దక్కాలో ఆయనకో పక్షం ఉంటుంది, ఆ పక్షాన్ని కూడా చదువు. బందరులో అప్పటికే మిషనరీలున్నారు. నోబుల్ దొర బడి పెట్టింది 1843లో. వాళ్ల సంఘం కాగితాలు ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కలెక్టరు కచేరీ పట్టించుకోని ఇళ్లలోకి ఆ ఉత్తరాలు వెళ్లి ఉండొచ్చు.

పెన్ను ఇంట్లో వదిలి పెన్సిలు పట్టుకెళ్లు. నీకు నచ్చిన వాక్యం ఒక్కటే కాదు, దాని ముందూ వెనకా రాసుకో. సంపుటం, పేజీ, తారీఖు అప్పటికప్పుడే వెయ్యి. ఫొటో తీసుకోనిస్తే సంతోషమే గానీ, చేత్తో రాసుకున్నదే నీలో నిలుస్తుంది. కలిపిరాత లిపి మొదట్లో ఒక్క ముక్కా అర్థం కాదు. కంగారుపడకు. ఊరి పేర్లు, నెలల పేర్లు ముందు గుర్తుపట్టు, రాసినవాడి చెయ్యి వాటితోనే అలవాటవుతుంది.

ఏ ఊరు ఎంచుకున్నావో నాకు రాయి. నాగాయలంక వైపు పాతకాలపు కుటుంబాలు కొన్ని నాకు తెలుసు, అడిగి చూస్తాను. మొదటి అధ్యాయం అప్పటిదాకా తిరగరాయొద్దు.

మీ మాస్టారు