మేడారం పోయొచ్చినంక కానన్ కెమెరా ఎర్రర్ 01 అంటాంది

ప్రశ్న: అన్నా నమస్తే, మాది హన్మకొండ, పెండ్లిళ్లకు ఫొటోలు తీస్త. మేడారం జాతరల మూడు రోజులు తీసిన, దుమ్ము సంగతి చెప్పెటట్టు లేదు, పైగా బెల్లం, పసుపు అంటిన చేతులతోనే లెన్స్ మార్చిన, అది నా తప్పే. ఇంటికొచ్చినంక బటన్ నొక్కంగనే 'ఎర్రర్ 01' అని, లెన్స్ కాంటాక్ట్‌లు (లెన్స్, కెమెరా కలిసే కాడి పిన్నులు) తుడవమని ఇంగ్లిష్‌ల వస్తాంది. తుడిచిన, బ్యాటరీ తీసి పెట్టిన, కార్డు ఫార్మాట్ కొట్టిన, సెట్టింగులు రీసెట్ చేసిన. రెండు ఫొటోలు వస్తయి, మళ్ల అదే. లెన్స్ 18-55 ఎంఎం జూమ్. షాపాయన చేతిల పట్టుకోకముందే కెమెరా లోపటి బోర్డు పోయిందన్నడు. నిజమేనా? వచ్చే వారం పెండ్లి ఆర్డర్ ఉన్నది.

జవాబు: తమ్మీ, బోర్డు సంగతి పక్కకు పెట్టు. కార్డుకు, సెట్టింగులకు ఈ 01తోని పని లేదు, అది లెన్స్ ముచ్చటే.

ముందుగాల ఒక టెస్ట్ చెయ్. జూమ్ 18 కాడ పెట్టి, అపర్చర్ (వెలుతురు లోపటికొచ్చే రంధ్రం) మనమే పెట్టుకునే ఏవీ మోడ్‌ల 3.5 పెట్టి, అంటే రంధ్రం పూర్తిగ తెరిచి, పది ఫొటోలు కొట్టు. తర్వాత 8 పెట్టి, అంటే రంధ్రం చిన్నగ చేసి, కొట్టు. 3.5ల మంచిగొచ్చి 8 కాడ ఎర్రర్ వస్తే కాంటాక్ట్‌లు ఎంత తుడిచినా ఫాయిదా లేదు, లెన్స్ లోపటి అపర్చర్ రేకులు తిప్పే మోటరో, దానికి పోయే పల్చటి రిబ్బన్ కేబులో పోయింది. ఎందుకంటే మనం చూసేటప్పుడు లెన్స్ పూర్తిగ తెరుచుకునే ఉంటది, బటన్ నొక్కినంకనే రేకులు మూసుకుంటయి, 3.5ల మూసుకునే పనే లేదు కద. పాతకాలం లెన్స్‌లల్ల దీనికి కడ్డీ (లీవర్) ఉండేది, 1987ల కానన్ ఈఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే ఏర్పాటు) తెచ్చినప్పటి నుంచి దాంట్ల అన్నీ కరెంటు మీదనే. ఒక్కోసారి జూమ్ 24, 35 నడిమిట్లనే ఎర్రర్ వచ్చి మిగతా కాడ రాదు, అంటే జూమ్ తిప్పినప్పుడల్ల వంగి వంగి కేబుల్ చీలిందన్నట్టు.

ఏ అపర్చర్‌లనైనా ఎర్రర్ వస్తాంది, లెన్స్ కొద్దిగ కదిలిస్తే పోతాంది అంటే మాత్రం నీ బెల్లమే. ఉత్త బట్టతోని అది పోదు. సెల్‌ఫోన్ రిపేర్ షాపుల ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అడుగు, ఇస్తరు. బ్యాటరీ తీసి, బాడీ మూతి కిందికి పట్టుకొని, మెత్తటి బట్టకు చుక్క అంటించి పసుపురంగు పిన్నులు రెండు దిక్కుల తుడువు, బాడీ దిక్కువి కూడ, అవి చానామంది మర్చిపోతరు. గరుకు కాయితం పెట్టకు, పైన పూత పోతది. రబ్బర్‌తోని రుద్దితే పొట్టు అద్దం మీద పడ్తది. నోటితోని ఊదుడు బంద్ చెయ్, తుంపర్లు పడ్తయి.

దోస్తు లెన్స్ ఏసి కూడ చూడు. దాంతోని కూడ ఎర్రర్ వస్తే అప్పుడు షాపాయన మాట ఇందాం. కేబులే పోతే రిపేర్‌కు ఎంతైతదో అడిగి, సెకండ్ హ్యాండ్ 18-55 రేటు కనుక్కో, చానాసార్లు రెండోదే నయం.

అయితే పెండ్లికి భయపడకు, కేబుల్ పోయిన లెన్సైనా పూర్తిగ తెరిచి పెడితే పనిచేస్తది, మంటపం కాడ ఎట్లాగూ తెరిచే తీస్తం. గ్రూప్ ఫొటోలు 18 కాడ తీస్తే అంచుల నిలబడ్డోళ్లు సాగి లావుగ కనపడ్తరు, పిల్ల మేనత్తను మాత్రం నడిమిట్ల నిలబెట్టు.