మీటరు బాగుందంటోంది, మరి కామెర్లు ఎక్కడివి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. మా అబ్బాయికి 19 ఏళ్ళు. రెండు వారాల క్రితం కామెర్లు వచ్చాయి. పరీక్షలో హెపటైటిస్ ‘ఇ’ అన్నారు. ఇప్పుడు కొంచెం తేరుకున్నాడు. మేం తాగేది ఇంట్లో బోరు నీళ్ళే. అద్దంలా ఉంటాయి, టీడీఎస్ మీటరులో 190 చూపిస్తోంది. ఇంత మంచి నీళ్ళకి ఫిల్టరే అక్కర్లేదని అమ్మేవాడే అన్నాడు. వేసవిలో పక్కింటివాళ్ళు మా గోడ అవతలే కొత్తగా సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నారు. మా అమ్మాయికి ఏడో నెల, పురిటికి తీసుకురావాలి. తీసుకురావచ్చా? అబ్బాయికి పసరు పోయించమని అత్తగారు పట్టుబడుతున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు అమ్మాయి సంగతి. ఇప్పుడు తీసుకురాకండి. ముహూర్తం పెట్టేసి ఉంటారు, వియ్యాలవారితో మాట కూడా అయిపోయి ఉంటుంది. అయినా సరే. హెపటైటిస్ ‘ఇ’ మామూలు మనుషుల్లో చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే మాత్రం లివర్ దెబ్బతిని నూటికి 20 నుంచి 25 మంది వరకు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీమంతం వాళ్ళింట్లోనే చేయండి. పురిటికి మీరే అక్కడికి వెళ్ళండి.

ఇక ఆ మీటరు. అది కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాలను. క్రిములతో దానికి సంబంధం లేదు. గ్లాసుడు మంచినీళ్ళలో చెంచాడు మురుగు కలిపినా అంకె పదో ఇరవయ్యో కదులుతుంది, అంతే. ఆ గ్లాసు మీరు ముట్టుకోరు, మీటరు మాత్రం బాగుందనే అంటుంది. ఫిల్టరు కుర్రాడు అబద్ధం చెప్పలేదు, లవణాల కోసం ఆర్ఓ అక్కర్లేదన్న మాట నిజమే. మీ ఇబ్బంది లవణాలది కాదు, మలం కలిసిన నీళ్ళతో వచ్చే వైరస్‌ది.

నీళ్ళు తేటగా ఉండటం కూడా సాక్ష్యం కాదు. 1955 చివర్లో యమునకు వరదొచ్చి, ఢిల్లీలోని నజఫ్‌గఢ్ కాలువ మురుగు వజీరాబాద్ దగ్గర తాగునీళ్ళు తోడే చోటికి ఎదురు తన్నింది. అక్కడ శుద్ధి చేశారు, క్లోరిన్ వేశారు. టైఫాయిడ్ పెరగలేదు. కానీ 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత తేలింది, అది మీవాడికి వచ్చిన ‘ఇ’ రకమేనని. వైరస్ బ్యాక్టీరియా కంటే మొండిది.

ఇంకో చిక్కుంది. వైరస్ ఒంట్లోకి చేరాక కళ్ళు పచ్చబడటానికి సగటున అయిదారు వారాలు పడుతుంది. అంటే మీవాణ్ణి పడగొట్టిన నీళ్ళు రెండు నెలల కిందటివి. అవి ఏ హోటల్లోవో, పానీపూరీ బండిలోవో కూడా కావచ్చు, బోరే దోషి అని నేను ఒట్టేయలేను. కానీ అనుమానం మాత్రం గోడ అవతలి ట్యాంకు మీదే. మన ఊళ్ళలో సెప్టిక్ ట్యాంకు అని పిలిచేదాంట్లో సగం సెప్టిక్ ట్యాంకు కాదు. సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి పెట్టి, అడుగున మట్టి వదిలేసిన గుంట. కట్టిన మేస్త్రీని అడగండి, అడుగున కాంక్రీటు వేశాడా లేదా అని. మూత తీసి తొంగి చూడకండి, అందులో గ్యాసుకి మనుషులు పోయారు. ఇలా మురుగు ఇంకే గుంటకి, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. మీ మధ్య ఉన్నది ఒక గోడ.

అలాగే మీ బోరు మొదట్లో చూడండి. కేసింగ్ పైపు చుట్టూ గచ్చు పగిలిందా? అంట్లు తోమిన నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయా? పైపు పక్క సందులోంచి అవి నేరుగా కిందికి దిగుతాయి. సిమెంటుతో కప్పించండి.

పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్‌ఎస్) ల్యాబుల్లో చేస్తారు. ‘నీళ్ళ పరీక్ష’ అంటే మళ్ళీ టీడీఎస్, గట్టిదనం రాసిస్తారు. మురుగు కలిసిందేమో పట్టించే కోలిఫాం (పేగుల్లో ఉండే రకం బ్యాక్టీరియా), నైట్రేట్ పరీక్షలు కావాలని నోరు తెరిచి అడగండి. శుభ్రపరిచిన సీసా వాళ్ళే ఇస్తారు. 100 మి.లీ. నీళ్ళలో ఈ.కోలి అనే మలంలోని కోలిఫాం ఒక్కటి కూడా ఉండకూడదు. లీటరుకి నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. చల్లటి పెట్టెలో పెట్టి అదే రోజు అందించండి. పెద్ద వాన పడ్డాక మరోసారి ఇవ్వండి, అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. బాగుందని వచ్చినా వైరస్ లేదని కాదు, మరిగించడం మానొద్దు.

మరిగించడమంటే తెర్లాక ఒక నిమిషం ఉంచడం, గోరువెచ్చగా చేయడం కాదు. పళ్ళు తోముకోవడానికీ, కొత్తిమీర కడగడానికీ ఆ నీళ్ళే. చాలా ఇళ్ళలో జాగ్రత్త బిందె దగ్గరే ఆగిపోతుంది. నైట్రేట్ మాత్రం మరిగిస్తే పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. ఎక్కువ ఉందని తేలితే పసిబిడ్డకి డబ్బాపాలు ఆ నీళ్ళతో కలపకండి.

పక్కింటివాళ్ళతో గొడవ పెట్టుకోకండి, వాళ్ళదీ బోరే అయితే వాళ్ళూ ఈ నీళ్ళే తాగుతున్నారు. కలిసి గుంట తోడించండి, అడుగు గట్టిగా కట్టించండి. ట్యాంకరువాడిని ఒక్క మాట అడగండి, ఎక్కడ పోస్తావు అని. ఒడిశా పట్టణాల్లో మలవ్యర్థాల శుద్ధి కేంద్రాలు కట్టారు, అక్కడికే వెళ్ళాలి. వాగులో వదిలితే అది వంశధారలో కలుస్తుంది, కింద శ్రీకాకుళం జిల్లా ఊళ్ళు ఆ నీళ్ళ మీదే ఉన్నాయి.

అబ్బాయికి పసరు వద్దు. ఈ జబ్బు దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకి వస్తుంది. కొన్ని ఆకు మందులు లివర్‌నే దెబ్బతీస్తాయి. ఉప్పూ నూనే మాన్పించక్కర్లేదు, వాడికి ఏది సయిస్తే అది పెట్టండి. జ్వరం మాత్రలు సొంతంగా వేయకండి. కామెర్లు మొదలయ్యాక మూడు నాలుగు వారాల దాకా వైరస్ మలంలో పోతుంది, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడగాల్సిందే. వాడు తికమకగా మాట్లాడినా, పగలంతా మత్తుగా పడుకున్నా, ఆగకుండా వాంతులైనా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా తెల్లారేదాకా ఆగకండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్‌తో పాటు, రక్తం సరిగా గడ్డకడుతోందో లేదో చెప్పే ఐఎన్‌ఆర్ కూడా చూడమనండి.